మత్తు మందు, తలరాత, హైదరాబాదు క్లోరోఫాం కమిషన్

పోయిన నెల నాకు కొలనోస్కోపీ చేశారు. పెద్దపేగులోకి సన్నని కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష అది. డెబ్బై దగ్గర పడుతున్న వాళ్ళకి ఇదేమంత వింత విషయం కాదు. ముందు రోజు పొడి కలిపిన నీళ్ళు లీటర్ల కొద్దీ తాగి, రాత్రంతా బాత్రూముకి తిరగడమే అందులో పెద్ద కష్టం. అసలు పరీక్ష ఇరవై నిమిషాలు. "చిన్న మత్తు ఇస్తాం సార్, మీకేమీ తెలియదు" అని ముందే చెప్పారు.

పొద్దున బయల్దేరేటప్పుడు మా ఆవిడ ఒక ఎర్ర తాడు తెచ్చింది. "ఏమండీ, మీ నమ్మకాలు మీవి. ఇది మీ కోసం కాదు, నా కోసం కట్టుకోండి" అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె గుడికి వెళ్ళకుండా నేను ఆపలేదు, నేను సభలకి వెళ్ళకుండా ఆమె ఆపలేదు. కట్టించుకున్నాను. ఆస్పత్రిలో గది గుమ్మం దగ్గర నర్సు వచ్చి వాచీ, ఉంగరం, ఆ తాడు మూడూ తీసేసి మా ఆవిడ చేతిలో పెట్టింది. తాడు ఉన్న చేతికే, చూపుడు వేలికి ఒక క్లిప్పు పెట్టింది. మా ఆవిడ నా వంక చూసింది. నేను నవ్వలేదు. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది.

లోపల మత్తు ఇచ్చే డాక్టరు నా కూతురి వయసు అమ్మాయి. "అమ్మా, నేను నిద్రపోయాక మీరు ఏం చూస్తూ ఉంటారు?" అని అడిగాను.

"ఊపిరి, నాడి, బీపీ, ఆక్సిజన్ చూస్తుంటాను సార్. గొట్టం వేసే పని ఆ డాక్టరుగారిది. మిమ్మల్ని చూడటమే నా పని. అయ్యేదాకా ఇక్కణ్ణించి కదలను" అంది.

ఆ జవాబు కోసం నేను అరవై ఏళ్ళు ఎదురుచూశానంటే మీరు నమ్మకపోవచ్చు. ఎందుకో చెబుతాను.

మా అక్క

1964 ఎండాకాలం. నాకు ఎనిమిదేళ్ళు. మా పెద్దనాన్న కూతురికి పద్నాలుగు. ఒకే ఇంట్లో పెరిగాం కాబట్టి నాకు సొంత అక్కే. తుమ్మముల్లు గుచ్చుకుని పాదంలో చీము పట్టింది. ఆకు పసర్లు, పట్టీలు అన్నీ అయ్యాక తాలూకా ఆస్పత్రికి ఎడ్లబండి మీద తీసుకెళ్ళారు. కోసి చీము తీసేస్తే సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చన్నారు.

అక్కడ ఒక డాక్టరు, ఒక కాంపౌండరు. ముక్కు మీద గుడ్డ వేసి దాని మీద మందు చుక్కలు వేసేది కాంపౌండరే. పనిముట్లు అందించేదీ అతనే. ఆ మందు క్లోరోఫాం అని మా నాన్న చెప్పేవాడు. అక్క భయంతో గింజుకుంది, కేకలు పెట్టింది. పట్టుకోవడానికి మనుషులు చాలక పెద్దనాన్నని లోపలికి పిలిచారు. ఆయన భుజాలు అదిమి పట్టుకున్నాడు. కాసేపటికి కేకలు ఆగాయి. మత్తు ఎక్కిందనుకున్నారు. డాక్టరు పాదం కోశాడు. అక్క పోయిందని తెలిసేసరికి ఎంతసేపయిందో ఎవరూ చూడలేదు.

పదకొండో రోజున పురోహితుడు జాతకం తీసి, పద్నాలుగో ఏట గండం ఉందని చెప్పాడు. ఆ జాతకం పద్నాలుగేళ్ళుగా మా ఇంటి పెట్టెలోనే ఉంది. పిల్ల బతికి ఉండగా ఆ గండం ఎవరికీ కనపడలేదు. చిన్నతనంలో నాకు ఆ పురోహితుడి మీద చాలా కోపం ఉండేది. పెద్దయ్యాక ఒక సంగతి అర్థమైంది. పెద్దనాన్నకి ఆ మాట అవసరమైంది. ఆయన పోయేదాకా ఎప్పుడు ఈ ప్రస్తావన వచ్చినా "నేనే పట్టుకున్నానురా" అనేవాడు, ఆ వెంటనే "దాని తలరాత" అనేవాడు. మొదటి మాట భరించలేక రెండోది పట్టుకున్నాడు.

నేను ఆయనతో ఎప్పుడూ వాదించలేదు. కానీ తలరాత అనే జవాబు దగ్గర ఆగిపోతే తర్వాతి పిల్ల పాదం కోసేటప్పుడు కూడా అదే కాంపౌండరు అదే విధంగా చుక్కలు వేస్తాడు. అలా ఆగకుండా కారణం వెతికిన వాళ్ళ కథే మత్తు మందు చరిత్ర. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం మన హైదరాబాదులోనే జరిగింది.

మనకి ముందే తెలుసా?

ముందుగా మనవాళ్ళు తరచు చెప్పే ఒక మాట చూద్దాం. ప్రాచీన భారతంలోనే మత్తు మందు ఉందని, భోజరాజుకి క్రీ.శ. 980లో "సమ్మోహిని" ఇచ్చి కపాలం తెరిచి ఆపరేషన్ చేశారని వైద్య పుస్తకాల్లో కూడా రాశారు. భోజుడు ధారానగరంలో గద్దె ఎక్కింది 1010 ప్రాంతంలో. 980లో ఆయన రాజే కాదు. ఈ కథ వచ్చేది బల్లాలుడి భోజప్రబంధంలో. అది భోజుడి తర్వాత సుమారు 500 ఏళ్ళకి రాసిన కథల పుస్తకం. భోజుడికి కొన్ని శతాబ్దాల ముందువాడైన కాళిదాసు కూడా అందులో భోజుడి కొలువులోనే కూర్చుని పద్యాలు చెబుతుంటాడు. దాన్ని ఆపరేషన్ రికార్డుగా చూపించడం భోజుడికీ, బల్లాలుడికీ ఇద్దరికీ అన్యాయం.

సుశ్రుత సంహిత సంగతి వేరు. అది నిజంగా శస్త్రచికిత్స మీద రాసిన గ్రంథం. కత్తి బాధ తెలియకుండా ఉండటానికి రోగికి ముందు భోజనం పెట్టి, ఘాటైన మద్యం తాగించమని అందులో ఉంది. అది నిజాయితీగా చెప్పిన మాట. ఆ రోజుల్లో ఉన్నది అదే. కానీ ఈ రోజు మత్తుకి ముందు భోజనం పెడితే ప్రాణం మీదికి వస్తుంది. మత్తులో గొంతు తన కాపలా మానేస్తుంది. కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దంటారు. పాత గ్రంథాన్ని గౌరవించడమంటే దాన్ని పాటించడం కాదు.

హుగ్లీలో చేతులు తిప్పి నిద్రపుచ్చిన డాక్టరు

ఈథర్ రాకముందే మన దేశంలో ఒక విచిత్రమైన ప్రయోగం జరిగింది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే స్కాట్లండు డాక్టరు ఉండేవాడు. ఆయన ఏప్రిల్‌లో ఒక ఖైదీకి వరిబీజం ఆపరేషన్ చేస్తూ, నొప్పి తగ్గించడానికి మెస్మరిజం ప్రయత్నించాడు. పని చేసిందనిపించింది. బోదవ్యాధి వల్ల పెద్ద పెద్ద కణితులు మోస్తూ బతికే బీదవాళ్ళు బెంగాల్‌లో ఎక్కువ. వాళ్ళు బారులు తీరారు. చీకటి గదిలో సహాయకులు రోగి మీద గంటల తరబడి చేతులు తిప్పుతూ నిద్రపుచ్చేవారు. 1846లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది చివర కలకత్తాలో ఒక మెస్మరిక్ ఆస్పత్రి కూడా పెట్టింది.

మెస్మరిజాన్ని ఫ్రాన్స్‌లో 1784లోనే పరీక్షించారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ ఉన్న సంఘం అది. తోటలో ఒక చెట్టుకి "అయస్కాంత శక్తి" ఎక్కించామని చెప్పి, ఒక కుర్రవాడి కళ్ళకి గంతలు కట్టి తిప్పారు. శక్తి ఎక్కించిన చెట్టు దగ్గరికి రాకముందే, వేరే చెట్టు కిందే అతను స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి చెట్టులో లేదు, కుర్రవాడి నమ్మకంలో ఉంది. కళ్ళకి గంతలు కట్టి చేసే పరీక్షకి ఇది పాత, గొప్ప ఉదాహరణ.

అలాగని ఎస్‌డెయిల్‌ని మోసగాడని తోసేయలేం. కలకత్తా కమిటీ కళ్ళారా చూసి రాసింది. కొందరు రోగులు కదలకుండా పడుకున్నారు. కొందరి ఒళ్ళు, ముఖం బాధతో మెలికలు తిరిగాయి, లేచాక మాత్రం నొప్పి తెలియలేదన్నారు. కొందరికి అసలు నిద్రే పట్టలేదు. నొప్పి లేకపోవడం వేరు, నొప్పి గుర్తు లేకపోవడం వేరు అనే ప్రశ్న అప్పుడే లేచిందన్నమాట.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఈథర్ పీల్పించి, మెడ మీద కణితి ఆపరేషన్‌కి నిద్రపుచ్చాడు. అయిదారు నెలల్లో ఆ పద్ధతి కలకత్తా చేరింది. గంటల పని నిమిషాల్లో అయింది. ఈథర్‌కి నమ్మకంతో పని లేదు. నమ్మినవాడూ నిద్రపోయాడు, నమ్మనివాడూ నిద్రపోయాడు. ఎస్‌డెయిల్ 1851లో దేశం వదిలి వెళ్ళాడు. మెస్మరిజం ఓడింది వాదనలో కాదు, పనిలో.

నేను చెప్పిన ఒక తప్పు

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్, ఇద్దరు స్నేహితులతో కలిసి రాత్రి భోజనాల తర్వాత క్లోరోఫాం పీల్చి చూశాడు. ముగ్గురూ బల్ల కింద పడ్డారు. కొద్ది రోజుల్లోనే కాన్పుల్లో దాన్ని వాడటం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. పదిహేనేళ్ళ కిందట ఒక సభలో నేను గట్టిగా మాట్లాడాను. కాన్పు నొప్పి దేవుడి శాపం కాబట్టి మత్తు ఇవ్వకూడదని చర్చి అడ్డుపడిందని, విక్టోరియా రాణి 1853లో క్లోరోఫాం పీల్చుకున్నాకే మతాధికారుల నోరు మూతపడిందని చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత చదివితే తెలిసింది, 1980లలో ఫార్ అనే పరిశోధకుడు ఆ కాలపు పత్రికలు, కరపత్రాలు వెతికి చూస్తే మతం పేరుతో వచ్చిన వ్యతిరేకత చాలా కొద్దిగానే కనిపించింది. సింప్సన్ అలాంటి అభ్యంతరాలు వస్తాయని ఊహించి ముందే ఒక కరపత్రం రాశాడు. ఆ జవాబు మిగిలింది కాబట్టి పెద్ద యుద్ధమే జరిగిందని తర్వాతి వాళ్ళం అనుకున్నాం. ఎక్కువ అభ్యంతరాలు డాక్టర్లవే, అవీ ప్రమాదం గురించి. మనకి నచ్చిన కథ అయినంత మాత్రాన నిజం కాదు. అవతలివాళ్ళకి చెప్పే నీతి మనకీ వర్తిస్తుంది.

డాక్టర్ల భయం ఉత్తది కాదని మూడు నెలల్లోపే తేలింది. 1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర వింలేటన్‌లో హానా గ్రీనర్ అనే అమ్మాయికి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. ఆమెకి పదిహేనేళ్ళు. అంతకుముందు ఈథర్ మీద ఇంకో గోరు తీయించుకుని క్షేమంగానే ఉంది. ఈసారి చాలా భయపడింది, ఏడ్చింది. డాక్టరు గుడ్డ మీద ఒక చెంచా మందు పోసి పట్టుకున్నాడు. ఒకటి రెండు నిమిషాల్లో ఆమె పోయింది. క్లోరోఫాం వల్ల పోయినట్టు రికార్డయిన మొదటి మరణం అదే.

ఆమె గురించి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేశాను. పాదం. చిన్న పని. భయపడ్డ పిల్ల. నూట పదహారేళ్ళ తేడా.

నాడి చూడాలా, ఊపిరి చూడాలా?

హానా ఎందుకు పోయింది? మందు గుండెని ఆపేసిందని కొందరన్నారు. స్పృహ తెప్పించడానికి నోట్లో పోసిన బ్రాందీ, నీళ్ళు గొంతుకి అడ్డుపడి ఊపిరాడక పోయిందని సింప్సన్ అన్నాడు. ఈ తగువు అరవై ఏళ్ళు సాగింది.

లండన్ డాక్టర్లు గుండెకే ప్రమాదం అన్నారు. వాళ్ళలో ముఖ్యుడు జాన్ స్నో. కలరా నీళ్ళ ద్వారా వస్తుందని 1854లో బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర చూపించినది ఈయనే. రాణికి క్లోరోఫాం ఇచ్చిందీ ఈయనే. మందు ఎంత గాఢతలో లోపలికి పోతోందో కొలవాలని పట్టుబట్టాడు. ఆయన తర్వాత జోసెఫ్ క్లోవర్ ఎప్పుడూ రోగి నాడి మీద వేలు తీసేవాడు కాదు. ఎడిన్‌బరో డాక్టర్లు మాత్రం నాడి అక్కర్లేదు, ఊపిరి చూస్తే చాలు అన్నారు. వాళ్ళ గురువు సైమ్.

ఆ సైమ్ శిష్యుడే ఎడ్వర్డ్ లారీ. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, హైదరాబాదు మెడికల్ స్కూలు ఆయన చేతిలో ఉండేవి. వేల మందికి క్లోరోఫాం ఇప్పించాడు. గురువు చెప్పిందే నిజమని నిరూపించాలనుకున్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం డబ్బిచ్చింది. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు అని తేల్చింది.

లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం, మీరే ఒక మనిషిని పంపి చూసుకోండి అని వెయ్యి పౌండ్లు ఇచ్చింది. తనకి నచ్చని వాణ్ణి ఖర్చు పెట్టి పిలిపించి పరీక్షించమనడం మామూలు విషయం కాదు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న శాస్త్రవేత్త వచ్చాడు. గుండెకే ప్రమాదం అనే అభిప్రాయంతో వచ్చినవాడు ఆయన. రెండో కమిషన్ కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి సుమారు 490 జంతువుల మీద ప్రయోగాలు చేసింది. రక్తపోటు రికార్డు చేసింది, ఆ రికార్డులని ఫోటోలు తీసింది. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకుని లండన్‌కి టెలిగ్రాం కొట్టాడు. ప్రమాదం ఊపిరి ఆగడం వల్ల, మందు ఎక్కువవడం వల్ల. గుండెకి నేరుగా ఏమీ లేదు అని దాని సారాంశం.

ఈ పనిలో పాలుపంచుకున్న వాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఉంది. 1885లో హైదరాబాదు మెడికల్ స్కూల్లో చేరిన తొలి అమ్మాయిల్లో ఒకరు. 1889లో చదువు పూర్తిచేసి, హైదరాబాదు ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి క్లోరోఫాం ఇచ్చారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆమెని చెబుతారు. సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897లో కనిపెట్టిన రొనాల్డ్ రాస్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. రూపాబాయి పేరు కోఠీలో పది మందిని ఆపి అడగండి, ఒక్కరు చెబితే గొప్ప.

కానీ హైదరాబాదు జవాబు తప్పు

ఇక్కడ ఆపేస్తే మన ఊరి గొప్పగా మిగిలిపోయేది. చరిత్ర అక్కడ ఆగలేదు. హైదరాబాదు ప్రయోగాల్లో కుక్కలకి మందు ఎక్కువెక్కువగా ఇస్తూ పోయారు. అలా ఇస్తే ముందు ఊపిరే ఆగుతుంది. వాళ్ళు చూసింది నిజమే. కానీ ఆస్పత్రిలో చచ్చిపోతున్న వాళ్ళలో చాలామంది ఎక్కువ మందుకి కాదు, హానాలాగా మొదటి నిమిషాల్లో, ఇంకా మత్తు సరిగా ఎక్కకముందే పోతున్నారు.

1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద ఇది చూపించాడు. క్లోరోఫాం తక్కువగా ఇచ్చి, అప్పుడు రక్తంలోకి అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి గిలగిల కొట్టుకుని ఆగిపోతుంది. మందు ఎక్కువై కాదు, చాలీచాలకుండా ఉన్నప్పుడు. అడ్రినలిన్ అంటే మనం భయపడినప్పుడు, గింజుకున్నప్పుడు ఒంట్లో ఊరే రసాయనం. క్లోరోఫాం గుండెని అడ్రినలిన్‌కి తట్టుకోలేనిదిగా చేస్తుంది. భయపడ్డ పిల్లని అదిమిపట్టి, అరకొర మత్తులో కత్తి పెడితే, అంతకన్నా ప్రమాదమైన పరిస్థితి ఇంకోటి లేదు.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కకి శవపరీక్ష చేయలేదు, ఒక్క కాగితం కూడా మిగల్లేదు. కాబట్టి కారణం ఇదేనని నేను తీర్పు చెప్పను. కానీ లెవీ కనిపెట్టి అప్పటికి 53 ఏళ్ళు. కాంపౌండరుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, చుక్కలు వేస్తూ, పనిముట్లు అందిస్తూ నాడి ఎవరు చూస్తారు? జాతకంలో ఉన్న గండం కాదది. రెండు చేతులకి నాలుగు పనులు అప్పగించిన ఏర్పాటులో ఉన్న గండం.

లారీ తప్పేమిటి? ప్రయోగం చేయడం తప్పు కాదు. కోరిన జవాబు దొరకగానే ప్రశ్న అయిపోయిందనుకోవడం తప్పు. నాడి చూడటం అనవసరం అని శిష్యులకి నూరిపోశాడు. సాక్ష్యం మీద నిలబడ్డ మనిషి కూడా గురుభక్తిలో పడొచ్చు.

ఇప్పటి మత్తు

క్లోరోఫాం పోయింది. 1956లో హాలోథేన్ వచ్చింది, దాని తర్వాత ఇంకా మంచివి వచ్చాయి. నాకు ఇచ్చినవి రెండు: మిడజోలం, ప్రొపొఫాల్. మిడజోలం 1970లలో తయారైన మందు. భయం తగ్గిస్తుంది, ఆ కాసేపూ కొత్త జ్ఞాపకాలు ఏర్పడకుండా చేస్తుంది. ప్రొపొఫాల్ పాలలాగా తెల్లగా ఉంటుంది, ఎందుకంటే నీళ్ళలో కరగని ఆ మందుని సోయా నూనెలో కలిపి ఇస్తారు. మొదట వేరే ద్రవంలో కలిపితే కొందరికి ఒళ్ళు పడలేదు, అది ఆపేసి మళ్ళీ తయారుచేశారు. 1986లో బ్రిటన్‌లో వాడకంలోకి వచ్చింది. దాన్ని రూపొందించిన ఇయన్ గ్లెన్ చదివింది పశువైద్యం.

ఈ మందులతో ముందు నెమ్మదించేది ఊపిరి. తమాషా చూశారా? క్లోరోఫాం విషయంలో పొరబడిన లారీ మాట, ఈ మందుల విషయంలో సరిపోతుంది. అందుకే ఇప్పటివాళ్ళు లండనా, ఎడిన్‌బరోనా అని తగవు పడరు. రెండూ చూస్తారు.

వేలికి పెట్టిన క్లిప్పు పల్స్ ఆక్సీమీటరు. కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఒకటి కొన్నాం. 1974లో జపాన్‌లో తకువో అవోయాగి అనే ఇంజనీరు కనిపెట్టిన సూత్రం అది. ఎర్ర కాంతి, కంటికి కనపడని పరారుణ కాంతి వేలిలోంచి పంపుతారు. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండు కాంతుల్ని వేర్వేరుగా పీల్చుకుంటాయి. నాడితో పాటు కొట్టుకునే భాగాన్ని మాత్రం విడదీసి లెక్కిస్తే ధమని రక్తం సంగతి తెలుస్తుంది. అంతకుముందు డాక్టర్లు పెదవులు నీలం అయ్యాయా అని చూసేవారు. మన రంగు ఒంటి మీద ఆ నీలం కనపడేసరికి ఆలస్యమైపోతుంది.

ఈ క్లిప్పుని కూడా దేవుణ్ణి చేయక్కర్లేదు. 2020లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలన ప్రకారం, ఆక్సిజన్ నిజంగా పడిపోయినా క్లిప్పు బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్ళలో కంటే నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. పైగా ముక్కుకి ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఊపిరి ఆగిన తర్వాత కూడా కాసేపు క్లిప్పు అంకె పడిపోదు. అందుకే ఛాతీ కదులుతోందా అని కళ్ళతో చూసే మనిషి ఇంకా కావాలి. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే యంత్రం ఉంటే మరీ మంచిది.

మనిషి లేకపోతే ఏమవుతుందో 2009 జూన్ 25న లోకమంతా చూసింది. మైకేల్ జాక్సన్ నిద్ర కోసం ఇంట్లో ప్రొపొఫాల్ ఎక్కించుకుని పోయాడు. నాకు ఇచ్చిన మందే అది. అంత డబ్బున్నవాడి గదిలో సరైన యంత్రాలు లేవు, కనిపెట్టుకుని చూసే మనిషీ లేడు. ఆయన డాక్టరుకి 2011లో శిక్ష పడింది.

లేచాక

నాకు తెలిసింది ఇంతే: చేతిలో చల్లగా ఏదో పాకింది, ఆ అమ్మాయి "సార్, మీ ఊరేది?" అని అడిగింది. తర్వాత మా ఆవిడ ముఖం కనిపించింది. మధ్యలో ఇరవై నిమిషాలు లేవు. కల లేదు, వెలుగు లేదు, సొరంగం లేదు.

నర్సు నవ్వుతూ చెప్పింది, మధ్యలో నేను "అమ్మా, దేవుడా" అన్నానట. మా ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. ఇంటికి వచ్చేదాకా ఆటోలో అదే మాట. నేను అనలేదని చెప్పలేను, గుర్తు లేదు కదా. ఎనిమిదేళ్ళ వయసులో మా ఇంట్లో నొప్పికి ఉన్న మాటలు అవే. భాష నమ్మకం కంటే లోతుగా పాతుకుని ఉంటుంది. ఈ సంగతి ఆమెకి వివరించబోయాను. "సరేలెండి" అంది.

ఒక చిన్న కండ తీసి పరీక్షకి పంపారు. ప్రమాదమేమీ లేదని వచ్చింది.

మిత్రులకి నాలుగు మాటలు. మీకో, మీ వాళ్ళకో చిన్న పరీక్షకి మత్తు ఇస్తామంటే భయపడి మానుకోకండి, "చిన్నదే కదా" అని ఊరుకోకండి కూడా. హానాదీ చిన్న పనే, అక్కదీ చిన్న పనే. ముందు అడగండి: పరీక్ష చేసే డాక్టరు కాకుండా నన్ను చూస్తూ ఉండే మనిషి ఎవరు? ఊపిరి తగ్గితే అందుకోవడానికి ఆక్సిజన్, పరికరాలు గదిలోనే ఉన్నాయా? ఏం తిన్నారో, ఏ మందులు వాడుతున్నారో దాచకుండా చెప్పండి. పొద్దున కాఫీ తాగితే తాగామనే చెప్పండి. భయంగా ఉంటే అదీ చెప్పండి, సిగ్గు పడక్కర్లేదు. వెంట ఒకరిని తీసుకెళ్ళండి, ఆ రోజు బండి నడపకండి.

పెద్దనాన్న 1991లో పోయాడు. లెవీ ప్రయోగం సంగతి నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే ఆయనతో చెప్పేవాణ్ణా అని చాలాసార్లు ఆలోచించాను. అదిమి పట్టుకోవడం కూడా కారణంలో భాగమే అని ఆ శాస్త్రం చెబుతుంది. కానీ పట్టుకోమన్నది ఆయన కాదు, పట్టుకోవాల్సిన ఏర్పాటు చేసిందీ ఆయన కాదు అని కూడా అదే శాస్త్రం చెబుతుంది. ఆ రెండో మాట చెప్పేవాణ్ణి. తలరాత ఇచ్చిన ఓదార్పు కంటే అది తక్కువేమీ కాదని నా నమ్మకం.

మా ఆవిడ ఆ ఎర్ర తాడు దేవుడి గదిలో పెట్టింది. పల్స్ ఆక్సీమీటరు నా బల్ల సొరుగులో ఉంది. బ్యాటరీలు మార్చాలి.